మందుకు బీమా కుదరదంటే

‘ఇంటికి పనికొచ్చే సంగతులు’ శీర్షికలో ఇంతవరకు బ్యాంకు నామినేషన్లు, వీలునామాలు, పెన్షన్ కాగితాలు వంటి విషయాలు ముచ్చటించుకున్నాం. ఈసారి ఆరోగ్య బీమా సంగతి. అందులోనూ ఒక్క కోణమే తీసుకుంటున్నాను. డాక్టరు రాసిన మందుకు బీమా కంపెనీ ‘కుదరదు’ అని ఉత్తరం పంపితే మనం ఏం చెయ్యాలి?

ఈ ప్రశ్న మన సంఘంలో తరచు వినబడుతోంది. ఆపరేషన్ ఖర్చు ఇచ్చిన కంపెనీయే ఆ తరువాత మందు ఖర్చుకు అడ్డం తిరుగుతుంది. దానికి కారణం ఉంది. మన పాలసీలు ఆసుపత్రి మంచం చుట్టూ అల్లినవి. రోగి చేరాలి, 24 గంటలైనా ఉండాలి, అప్పుడే ఖర్చు ఇస్తారన్నది పాత కొలబద్ద. వైద్యం మాత్రం మారిపోయింది. క్యాన్సరుకు ఇంట్లో వేసుకునే మాత్రలు వచ్చాయి. అరగంటలో ఎక్కించే ఇంజెక్షన్లు వచ్చాయి. కంట్లో చేసే ఇంజెక్షనుకు నిమిషాలు చాలు. కొలబద్ద పాతది, మందు కొత్తది. తగాదా అంతా అక్కడే పుడుతోంది.

మా ఇంట జరిగినదే చెబుతాను. కంపెనీ పేరు, ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. ఏ కంపెనీతోనైనా నడవవలసిన దారి ఇదే.

జరిగిన సంగతి

బరంపురంలో ఉంటున్న మా అక్కయ్యకు 2024 ఆరంభంలో రొమ్ము క్యాన్సరని తేలింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. బయాప్సీలో ‘హెర్-2’ పాజిటివ్ అని వచ్చింది. అంటే క్యాన్సరు కణాల మీద ఆ పేరు గల ప్రొటీను మోతాదుకు మించి ఉన్నదన్నమాట. ఈ రకానికి మామూలు కీమోథెరపీతో పాటు ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ మూడు వారాలకొకసారి చొప్పున ఏడాది పాటు ఇవ్వాలి. అక్కయ్యకు మొత్తం 18 మోతాదులు రాశారు.

మొదటి 4 మోతాదులు కీమోతో కలిపి ఇచ్చారు. బీమా కంపెనీ మారుమాట లేకుండా చెల్లించింది. సెప్టెంబరులో కీమో ముగిసి, మిగిలిన 14 మోతాదులు ఒక్క ఇంజెక్షనుగా మొదలయ్యేసరికి కథ అడ్డం తిరిగింది. క్యాష్‌లెస్ కుదరదన్నారు. బావగారు చేతి డబ్బు కట్టి, తరువాత బిల్లులు పంపితే నెలాఖరుకు ఉత్తరం వచ్చింది. అందులో రెండు కారణాలు రాశారు. ఒకటి, రోగి 24 గంటలు ఆసుపత్రిలో లేరు కనుక ఇది అవుట్ పేషెంట్ చికిత్స. రెండు, ఈ మందు కీమోథెరపీ కాదు కనుక డే కేర్ జాబితాలో లేదు.

ఆసుపత్రి ఖర్చులతో కలిపి ఒక్కో మోతాదుకు 28 వేలు. పద్నాలుగింటికి 3,92,000 రూపాయలు. బావగారు రిటైరైన హైస్కూలు మాస్టారు. గోరుచుట్టుపై రోకటిపోటు అంటే ఇదే.

అక్కయ్య ఒకనాడు నన్ను పక్కకు పిలిచి, ‘ఒరే తమ్ముడూ, ఆపరేషన్ అయిపోయింది, కీమో అయిపోయింది. ఇంకా ఈ సూదులు దేనికిరా? ఆపేద్దాం. మీ బావ ముఖం చూడలేకపోతున్నాను’ అంది. డాక్టరు గారిని అడిగితే ఆయన సూటిగా చెప్పారు. ఈ రకం క్యాన్సరు తిరిగి వచ్చే ప్రమాదాన్ని తగ్గించేదే ఈ మందు, మధ్యలో ఆపడం మంచిది కాదు అన్నారు. ఆ రోజు మేము చేసిన నిర్ణయం ఒక్కటే. మందు వేరు, వ్యాజ్యం వేరు. ఇంజెక్షను 21 రోజులకొకసారి రావాలి. కంపెనీతో ఉత్తరప్రత్యుత్తరాలకు నెలలు పడతాయి. ఒకదాని కోసం మరొకటి ఆగకూడదు.

అక్కయ్య గొలుసు బ్యాంకులో పెట్టి ఇంజెక్షన్లు కొనసాగించారు. పక్కనే కాగితాల పని మొదలుపెట్టాం.

ముందు ఉత్తరం చదవాలి, తరువాత పాలసీ చదవాలి

తిరస్కరణ ఉత్తరం రాగానే కోపం వస్తుంది, లేదా నీరసం వస్తుంది. రెండూ సహజమే. కాని ఆ ఉత్తరంలో మనకు పనికివచ్చేది ఒక్కటుంటుంది, అదే కారణం. మనం జవాబు చెప్పవలసింది ఆ కారణానికే. ‘ఇరవై ఏళ్ళుగా ప్రీమియం కడుతున్నాం, ఇది అన్యాయం’ అని నాలుగు పేజీలు రాస్తే చదివేవాడికి జాలి కలగవచ్చునేమో కాని క్లెయిము కదలదు.

ఉత్తరంలో కారణం స్పష్టంగా లేకపోతే, ఫలానా పాలసీలో ఎన్నో నిబంధన ప్రకారం కాదన్నారో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో, క్లెయిమును కాదన్నప్పుడు దానికి ఆధారమైన పాలసీ నిబంధనను పేర్కొంటూ పూర్తి వివరాలు ఇవ్వాలని ఉంది. అంతేకాదు, కంపెనీలోని క్లెయిముల సమీక్షా సంఘం ఆమోదం లేకుండా ఏ క్లెయిమునూ తిరస్కరించకూడదని కూడా ఉంది. కనుక ‘మా క్లెయిమును ఆ సంఘం చూసిందా?’ అని ఒక వాక్యం మీ ఉత్తరంలో వెయ్యండి. తప్పు లేదు.

ఇక పాలసీ పుస్తకం. ఏజెంటు ఇచ్చిన రంగుల కరపత్రం కాదు, నిబంధనలు అచ్చువేసిన పూర్తి ప్రతి కావాలి. మా బావగారి బీరువాలో అది కవరు విప్పకుండా ఉంది. విప్పి చదివితే, ‘ఆధునిక చికిత్సలు’ అన్న భాగంలో పన్నెండు పేర్లు కనబడ్డాయి. ఇది ఆ కంపెనీ ఒక్కదాని దయ కాదు. 2019లో ఐఆర్‌డీఏఐ ఆరోగ్య పాలసీలలోని మినహాయింపులను ఒక పద్ధతిలోకి తెస్తూ, పాలసీల నుంచి మినహాయించకూడని ఆధునిక చికిత్సలంటూ పన్నెండింటిని చెప్పింది. వాటిలో మందులకు సంబంధించినవి మూడు. నోటి ద్వారా తీసుకునే కీమోథెరపీ ఒకటి. ఇంజెక్షనుగా ఇచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీ ఇమ్యునోథెరపీ ఒకటి. కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు ఒకటి. ట్రాస్టుజుమాబ్ మోనోక్లోనల్ యాంటీబాడీయే. కంపెనీ ‘జాబితాలో లేదు’ అన్న మందు వాళ్ళు అచ్చువేసిన పుస్తకంలోనే ఇంకో పేజీలో, ఇంకో పేరుతో ఉంది!

అయితే అక్కడే ఒక మెలిక కూడా ఉంది. ఈ చికిత్సలకు ఖర్చు ఇస్తాం, కాని ఆసుపత్రిలో చేర్చుకుని గాని, డే కేర్ పద్ధతిలో గాని చేస్తేనే, అదీ బీమా మొత్తంలో ఇంత శాతం వరకే అని చాలా పాలసీలలో ఉంటుంది. మా బావగారిది 5 లక్షల పాలసీ, వీటికి పరిమితి సగం, అంటే ఏడాదికి 2,50,000. ఈ పరిమితిని ముందే చూసుకుంటే ఆశ ఎంతవరకు పెట్టుకోవాలో తెలుస్తుంది.

ఇంట్లో వేసుకునే క్యాన్సరు మాత్రల విషయంలో ఈ ‘డే కేర్’ అన్న మాట దగ్గరే పేచీ వస్తుంది. మందుల షాపులో కొని ఇంట్లో మింగితే అది అవుట్ పేషెంట్ అని కంపెనీ వాదిస్తుంది. కనుక మాత్రలు రాయించుకునేటప్పుడే ఆసుపత్రి డే కేర్ విభాగం ద్వారా నడిచే చికిత్సగా కాగితం ఉండగలదేమో డాక్టరునే అడగండి. నిజంగా అలా జరిగితేనే సుమా.

డాక్టరు గారి ఉత్తరం

ఈ వ్యవహారంలో అన్నిటికన్నా బలమైన కాగితం ఇదే. ‘ఈమెకు ఫలానా ఇంజెక్షను అవసరం’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. మేము అడిగి రాయించుకున్న ఉత్తరంలో ఈ అంశాలున్నాయి.

1. రోగం పేరు, ఏ దశలో ఉంది, హెర్-2 పరీక్ష ఫలితం, తేదీ.

2. ఆ పరీక్ష ఫలితానికి ఈ మందే ఎందుకు. ట్రాస్టుజుమాబ్ మన దేశపు అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో 2015 నుంచి ఉంది, 2022 జాబితాలోనూ ఉంది. ఆ మాట రాస్తే ఇక ‘ప్రయోగాత్మక చికిత్స’ అనే నోరు ఉండదు.

3. మోతాదు ఎంత, ఎన్ని వారాలకొకసారి, మొత్తం ఎన్ని, ఇప్పటికి ఎన్ని అయ్యాయి.

4. మధ్యలో ఆపితే ఏమవుతుంది.

5. దీన్ని ఆసుపత్రిలోనే ఎందుకు ఇవ్వాలి. ఇది నరంలోకి సెలైనుతో ఎక్కించే మందు. మొదటిసారి గంటన్నర పడుతుంది. తట్టుకుంటే ఆ తరువాత అరగంట చాలు. ఎక్కిస్తున్నప్పుడు చలి, జ్వరం, ఆయాసం వంటివి వస్తాయేమోనని కనిపెట్టి ఉండాలి. గుండె బలహీనపడే అవకాశం ఉంది గనుక మూడు నెలలకొకసారి ఎకో పరీక్ష చేయాలి.

6. 24 గంటలు ఎందుకు అవసరం లేదు. మందు స్వభావమే అలాంటిది.

ఈ ఆరో అంశం వద్ద ఒక మాట చెప్పాలి. ‘ఎందుకండీ ఈ గొడవ, ఒక రాత్రి ఉంచేసి 24 గంటలు చూపించేస్తే సరి’ అని సలహా ఇచ్చినవారున్నారు. డాక్టరు గారు ఒప్పుకోలేదు. ఆయన చేసింది మంచి పని. అవసరం లేని చేరిక అని తేలితే కంపెనీ దాన్నే కారణంగా చూపి కాదనవచ్చు. అంతకన్నా ముఖ్యం, మన కాగితాల్లో ఒక్క అబద్ధం దొరికితే మిగిలిన నిజాలన్నీ వీగిపోతాయి.

ఆసుపత్రి బిల్లు కూడా సరిచూసుకోవాలి. మా బిల్లు మీద ‘ఓపీ ప్రొసీజర్’ అని ముద్ర ఉంది. నిజానికి అక్కయ్యను ప్రతిసారీ డే కేర్ వార్డులో చేర్చుకుని, మంచం ఇచ్చి, సాయంత్రానికి పంపేవారు. బిల్లింగు కౌంటరులో అలవాటుగా కొట్టిన ముద్ర అది. చేరిన సమయం, పంపిన సమయం, వార్డు రిజిస్టరు నంబరుతో ఒక ధ్రువపత్రం ఇమ్మని అడిగితే ఇచ్చారు. ఇలాంటి చిన్న ముద్ర వల్ల ఆగిన క్లెయిములు ఎన్నో!

మెట్లు ఎక్కే క్రమం

మొదటి మెట్టు కంపెనీయే. ప్రతి బీమా కంపెనీలోను ఫిర్యాదుల అధికారి ఉంటారు. పేరు, చిరునామా పాలసీ వెనుక పేజీలలో ఉంటాయి. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. పాలసీ నంబరు, క్లెయిము నంబరు, తిరస్కరణ తేదీ పైన రాయండి. తరువాత వాళ్ళు చెప్పిన కారణాన్ని వాళ్ళ మాటల్లోనే ఎత్తి రాయండి. దాని కింద, ‘పాలసీలో ఫలానా పేజీ, ఫలానా నిబంధన ప్రకారం ఈ చికిత్సకు ఖర్చు ఇవ్వాలి, డాక్టరు గారి ఉత్తరం జత చేశాం’ అని రాయండి. చివర, ఏమి కోరుతున్నారో అంకెలతో సహా చెప్పండి. స్పీడ్ పోస్టులో గాని, ఈమెయిల్‌లో గాని పంపి, నకలు దాచుకోండి. టెలిఫోనులో ఎంత మర్యాదగా మాట్లాడినా అది రికార్డు కాదు. టీపీఏ వారితో మాట్లాడి ఊరుకోవద్దు. టీపీఏ మధ్యవర్తి మాత్రమే, తీర్పు బాధ్యత కంపెనీది. ఫిర్యాదుకు రెండు వారాలలో జవాబు ఇవ్వాలన్నది నియమం.

మాకు పన్నెండో రోజున జవాబు వచ్చింది. పాత ఉత్తరంలోని రెండు వాక్యాలే, తేదీ మాత్రం కొత్తది.

రెండో మెట్టు ఐఆర్‌డీఏఐ వారి ‘బీమా భరోసా’. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. 155255 గాని, 1800 4254 732 గాని టోల్ ఫ్రీ నంబర్లకు ఫోను చేసినా నమోదు చేసుకుంటారు. ఈ సంస్థ స్వయంగా తీర్పు చెప్పదు. ఫిర్యాదును కంపెనీకి పంపి, జవాబు వచ్చేదాకా కనిపెట్టి ఉంటుంది. చాలా సందర్భాలలో కంపెనీలో పై అధికారి బల్ల మీదికి ఫైలు చేరడానికి ఇదొక దారి.

మూడో మెట్టు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. మనవాళ్ళకు ఎక్కువగా తెలియని తలుపు ఇదే. 2017 నాటి నియమాల ప్రకారం నడుస్తోంది. ఫీజు లేదు. వకీలు అక్కరలేదు, అసలు వకీలును అనుమతించరు. 50 లక్షల వరకు ఇప్పించే అధికారం ఉంది. 2023 నవంబరుకు ముందు ఈ పరిమితి 30 లక్షలుండేది. షరతులు నాలుగు గుర్తుంచుకోండి. ముందుగా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. వారు కాదని ఉండాలి, లేదా నెల రోజులైనా జవాబు ఇవ్వకుండా ఉండాలి. కంపెనీ ఆఖరి మాట చెప్పిన ఏడాదిలోపు వెళ్ళాలి. అదే వివాదం అప్పటికే కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో ఉండకూడదు.

ఎక్కడి అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళాలన్నది మనలాంటి వారికి ముఖ్యమైన ప్రశ్న. మనం ఒక రాష్ట్రంలో ఉంటాం, వైద్యం ఇంకో రాష్ట్రంలో చేయించుకుంటాం. ఆసుపత్రి ఎక్కడున్నదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. మీ నివాసం ఎక్కడ, లేదా పాలసీ ఇచ్చిన శాఖ ఎక్కడ అన్నదే లెక్క. అక్కయ్యకు వైద్యం విశాఖలో అయినా, బరంపురం వాసులు గనుక మాది భువనేశ్వర్ కార్యాలయం. కర్ణాటక వారికి బెంగళూరు, తమిళనాడు వారికి చెన్నై. హోసూరు వారు బెంగళూరులో వైద్యం చేయించుకున్నా, నివాసాన్ని బట్టి చెన్నై. సోలాపూర్ వారికి పుణే. ముంబయి, ఠాణే ప్రాంతాల వారు తమ ప్రాంతం ఏ కార్యాలయం కిందికి వస్తుందో చూసుకోవాలి. యానాం వారికి మాత్రం ఒక విశేషం. పుదుచ్చేరి పట్టణం, కారైకాల్ చెన్నై కిందికి వస్తే, యానాం హైదరాబాదు కార్యాలయం కిందికి వస్తుంది. యానాం మిత్రులు పొరపాటున చెన్నైకి పంపి కాలం పోగొట్టుకోవద్దు.

మేము డిసెంబరు మొదటి వారంలో ఫిర్యాదు పంపాం. 2021లో నియమాలు సవరించాక ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పంపవచ్చు, విచారణ వీడియో ద్వారా కూడా జరపవచ్చు. మార్చిలో విచారణ జరిగింది. పాలసీ బావగారి పేర ఉంది గనుక ఆయనే మాట్లాడారు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన మాస్టారు, అదే తీరున చెప్పారు. ‘వీరి పుస్తకంలో 31వ పేజీ చూడండి, డాక్టరు గారి ఉత్తరంలో అయిదో అంశం చూడండి, వార్డు ధ్రువపత్రం చూడండి’ అన్నారు. కంపెనీ ప్రతినిధి 24 గంటల మాటే మళ్ళీ చెప్పారు. ‘ఈ మందును 24 గంటలు ఎలా ఎక్కిస్తారు?’ అన్న ప్రశ్నకు వారి వద్ద జవాబు లేదు.

ఏప్రిల్ నడుమ అవార్డు వచ్చింది. పాలసీలో చెప్పిన పరిమితికి లోబడి ఇవ్వాలన్నారు. అప్పటికి మేము చేతి డబ్బుతో వేయించినవి 11 మోతాదులు, 3,08,000 రూపాయలు. మొదటి పాలసీ సంవత్సరంలో కీమోతో కలిపి ఇచ్చిన 4, ఒంటరిగా ఇచ్చిన 6, వెరసి పది మోతాదులకు 2,80,000 అయింది. పరిమితి రెండున్నర లక్షలే గనుక 30 వేలు మా మీదే పడ్డాయి. మిగిలిన 2,78,000 తిరిగి వచ్చాయి. జనవరిలో పాలసీ రెన్యూవల్ అయింది గనుక కొత్త సంవత్సరానికి పరిమితి మళ్ళీ మొదటినుంచి లెక్కకొచ్చింది. చివరి మూడు మోతాదులు క్యాష్‌లెస్‌గానే జరిగాయి. 2025 జూన్‌లో 18వది పూర్తయింది. అక్కయ్య గొలుసు ఇంటికి వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త మాకు మేలు చేసింది. ఎలాగూ కాదంటారు కదా అని బిల్లులు పంపడం మానలేదు. ప్రతి మోతాదుకు విడిగా, పాలసీలో చెప్పిన గడువులోపు క్లెయిము వేస్తూనే వచ్చాం. వెయ్యని క్లెయిమును ఎవరూ ఇప్పించలేరు.

అంబుడ్స్‌మన్ అవార్డు కంపెనీకి శిరోధార్యం. 30 రోజుల్లో అమలు చేయకపోతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మనకు చెల్లించాలని నియంత్రణ సంస్థ చెప్పింది. మనకు మాత్రం అవార్డు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే స్వేచ్ఛ ఉంది. అది నాలుగో మెట్టు. 2019 నాటి చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. రెండేళ్ళ గడువు ఉంది. చెల్లించిన సొమ్ము, అంటే ప్రీమియం, 5 లక్షల లోపయితే ఫీజు లేదు. సామాన్య కుటుంబాల పాలసీలన్నీ దాదాపు ఆ లోపువే. 24 గంటల విషయమై 2023లో వడోదరలోని కమిషన్ ఒక తీర్పు ఇచ్చింది. వైద్యం ఆధునికమై త్వరగా పూర్తవుతున్నప్పుడు 24 గంటలు లేరన్న ఒక్క కారణంతో క్లెయిము కాదనరాదని చెప్పింది.

ఇతర కారణాలు చెబితే

‘పాత జబ్బు దాచారు’ అనడం తరచు వినే కారణం. రక్తపోటుకో కొలెస్ట్రాలుకో వేసుకునే మాత్ర పేరు ప్రిస్క్రిప్షన్‌లో కనబడగానే ఈ మాట వస్తుంది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు మన్‌మోహన్ నందా కేసులో ఇలాంటి తగాదానే తేల్చింది. కొలెస్ట్రాలుకు స్టాటిన్ మందు వాడుతున్నట్టు చెప్పలేదని, అమెరికా ప్రయాణంలో గుండెపోటు వచ్చిన వ్యక్తికి బీమా నిరాకరించారు. ఆరోగ్య స్థితి అంచనా వేసుకుని పాలసీ ఇచ్చాక, ఆ స్థితినే చూపి కాదనడం కుదరదని కోర్టు చెప్పింది. 2024 నుంచి మరో రక్షణ కూడా వచ్చింది. ముందునుంచి ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం 36 నెలలు మించరాదు. వరుసగా 60 నెలలు పాలసీ నడిచాక, మోసం రుజువైతే తప్ప ‘దాచారు’ అని క్లెయిము కాదనరాదు. ఇంతకుముందు ఇది ఎనిమిదేళ్ళు. అయినా ప్రపోజల్ ఫారం నింపేటప్పుడు వేసుకునే మాత్రలన్నీ రాయండి. ఏజెంటు ‘ఇవన్నీ ఎందుకండీ’ అన్నా రాయండి.

‘విటమిన్లు, టానిక్కులు ఇవ్వం’ అనడం ఇంకొకటి. ఈ మినహాయింపు అన్ని పాలసీలలోను 14వ కోడ్ కింద ఒకే తీరున ఉంటుంది. కాని దాని చివర ఒక మాట ఉంది. ఆసుపత్రి చికిత్సలో గాని డే కేర్‌లో గాని భాగంగా డాక్టరు రాస్తే ఆ మినహాయింపు వర్తించదు. వాక్యం చివరిదాకా చదివేవారు తక్కువ.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంట్లో వాడిన మందులకు కూడా చాలా పాలసీలలో అరవై రోజుల వరకు ఖర్చు వస్తుంది. చేరకముందు ముప్ఫై రోజులకూ వస్తుంది. బిల్లుతో పాటు ప్రిస్క్రిప్షన్ ఉండాలి, అదే జబ్బుకు సంబంధించినదై ఉండాలి. మందుల షాపువాడు తెల్లకాగితం మీద రాసిచ్చిన లెక్క పనికిరాదు.

‘నిరూపితం కాని చికిత్స’ అంటే 16వ కోడ్ ఎత్తి చూపుతారు. అప్పుడు డాక్టరు గారి ఉత్తరంలో ఆ మందు ఆ రోగానికి మన దేశంలో అనుమతి పొందినదేనని, ప్రామాణిక చికిత్సా విధానాలలో ఉన్నదని రాయించాలి.

ఓడిపోయే సందర్భాలు కూడా ఉంటాయి

అన్ని క్లెయిములూ గెలుస్తాయని చెబితే నేను మీకు అన్యాయం చేసినట్టే. పాలసీ ఇచ్చిన మాట లేకపోతే అంబుడ్స్‌మన్ కూడా ఇప్పించలేరు. డాక్టరును చూసి, రోజూ వేసుకునే షుగరు మాత్రలు కొనుక్కుంటే, అవుట్ పేషెంట్ కవరు విడిగా తీసుకోనివారికి ఆ ఖర్చు రాదు. నిరీక్షణ కాలం పూర్తికాకపోతే రాదు. పరిమితి మించినది రాదు. మా 30 వేల మీద మేము పోట్లాడలేదు, అది పుస్తకంలో ఉన్నదే. పోట్లాడేముందు మన వైపు పేజీ నంబరు ఉందో లేదో చూసుకోవాలి. మాటల్లో సందిగ్ధం ఉంటే మాత్రం వెనుకంజ వేయవద్దు. పాలసీ మాటలకు రెండర్థాలు వచ్చినప్పుడు, రాసిన కంపెనీకి కాక తీసుకున్నవారికి అనుకూలంగా అర్థం చెప్పాలన్నది న్యాయస్థానాలు ఎంతోకాలంగా పాటిస్తున్న సూత్రం.

చివరగా, ఈ పేజీ కత్తిరించి పాలసీతో పాటు దాచుకునేవారి కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. మందు ఆపవద్దు. కారణం రాతలో తీసుకోండి. కారణానికి పాలసీ పేజీతోను, డాక్టరు ఉత్తరంతోను జవాబు చెప్పండి. గడువు దాటనివ్వవద్దు, కంపెనీకి ఫిర్యాదు వెంటనే, అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. బీమా కంపెనీ అమ్మ కాదు కదా, కాస్త గట్టిగానే అడగాలి.

మన సంఘ సభ్యులలో బీమా ఉద్యోగాలు చేసి రిటైరైనవారున్నారు, డాక్టర్లున్నారు, ఇంగ్లీషు ఉత్తరం చక్కగా రాయగల పిల్లలున్నారు. ప్రతి శాఖలోను ఇద్దరు ముగ్గురు ముందుకు వచ్చి, నెలకొక ఆదివారం ఇలాంటి కాగితాలు చూసిపెడితే ఎంత బాగుంటుంది! రోగి మంచంలో ఉన్న ఇంట్లో కాగితాలు చదివే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ ఓపికను పక్కింటివాళ్ళమే అరువివ్వాలి.

వచ్చే సంచికలో, తల్లిదండ్రుల పాలసీని ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మార్చుకునేటప్పుడు చూసుకోవలసిన సంగతులు ముచ్చటించుకుందాం. అందాకా సెలవు.